సమాధానం: భగీరథ నల్లాలో మొదట ఉప్పు నీళ్లు ఎందుకొస్తున్నాయంటే

అన్నా, మిర్యాలగూడలో మీ ఇంటి భగీరథ నల్లా మొదటి పది నిమిషాలు ఉప్పగా వస్తోందని, బోరు పైపు, నల్లా పైపు ఒకే టీతో (మూడు మూతుల జాయింటు) కలిపి ట్యాంకుకు ఎక్కించామని రాశారు. నా అనుమానమంతా ఆ టీ మీదే.

సప్లయి లేనప్పుడు నల్లా లైనులో ప్రెషర్ ఉండదు. మీరు బోరు మోటరు వేస్తే నీళ్లు ట్యాంకుకే కాదు, వెనక్కి వీధి పైపులోకీ పోతాయి. సప్లయి రాగానే ముందు ఆ నీళ్లే తిరిగొస్తాయి. పరీక్ష తేలికే: సప్లయి లేని టైంలో మోటరు వేసి, గేటు దగ్గర నల్లా తిప్పండి. ధార వచ్చిందంటే అదే సంగతి. మన నల్లగొండ వైపు చాలా బోర్లలో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్లకూ ఇది మంచిది కాదు.

ప్లంబర్ టీకి ముందు నల్లా పైపులో ఎన్‌ఆర్‌వీ (నీళ్లను ఒక్క వైపే పోనిచ్చే వాల్వు) పెడితే చాలంటాడు. పెట్టించండి, బాణం గుర్తు ట్యాంకు వైపు ఉందో లేదో మీరే చూడండి. కానీ దాన్నొక్కదాన్నే నమ్మొద్దు. మా ఇంట్లోది రెండేళ్లకు విప్పితే లోపల మూసుకునే రేకు కింద సున్నంలా తెల్లటి పొర పేరుకుని, సగం తెరుచుకునే ఉంది!

అసలు మందు టీ తీసేసి రెండు పైపులూ విడివిడిగా ట్యాంకు దాకా తీసుకెళ్లడమే. నల్లా పైపు మూతి నీళ్లలో మునగకూడదు. ట్యాంకు నిండి పొర్లినా నీటికీ మూతికీ మధ్య పైపు సైజుకు రెండింతలు, ఎంత తక్కువన్నా అంగుళం ఖాళీ ఉండాలి. ఆ ఖాళీకి రిపేరు ఉండదు.

అన్నట్టు, నల్లాకు పైపు తగిలించి కొసను సంపులో ముంచి వదిలేసే అలవాటుంటే మానుకోండి, సప్లయి ఆగగానే అదీ వెనక్కి గుంజుతుంది.