వేట జాకెట్ల కంపెనీల్లో ఉద్యోగాలు: మా అమ్మాయి మార్కెటింగ్ చదవాలా, వస్త్రమే చదవాలా?

ప్రశ్న: మాది కరీంనగర్. మా అమ్మాయి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో టెక్స్‌టైల్ టెక్నాలజీలో బీటెక్ పూర్తిచేసింది. బ్రిటన్‌లో ఫ్యాషన్ మార్కెటింగ్ ఎంఎస్సీకి సీటు వచ్చింది. ఒకప్పుడు వేటకూ గుర్రపుస్వారీకీ దుస్తులు కుట్టిన పాత కంపెనీలు ఇప్పుడు ఫ్యాషన్ బ్రాండ్లుగా మారాయని, బార్బర్, బర్బెరీ వంటి సంస్థల్లో పనిచేయాలన్నదే తన కోరిక అని చెబుతోంది. సుమారు 30 లక్షల రూపాయల విద్యారుణం అవసరమవుతుంది. ఫ్యాషన్ మోజు నాలుగు రోజుల్లో తగ్గిపోతే ఉద్యోగాలుంటాయా? పైగా మేము శాకాహారులం. వేట కంపెనీలో ఉద్యోగమన్న మాట మా అమ్మగారికి మింగుడుపడడం లేదు. మీ సలహా చెప్పగలరు.

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్న రంగంలో పొరపాటేమీ లేదండి. నా సందేహమల్లా ఎంచుకున్న కోర్సు మీదే. నాలుగేళ్ళు నూలు, నేత, అద్దకం, వస్త్ర పరీక్షలు చదివిన విద్యార్థిని, ఆ చదువును పక్కనపెట్టి మార్కెటింగ్ వైపు వెళ్ళడం ఈ తరహా సంస్థల విషయంలో ఎందుకు తెలివైన పని కాదో చెప్పాలంటే, ముందు ఆ సంస్థలకు గత నలభై ఏళ్ళలో ఏం జరిగిందో చూడాలి.

బార్బర్ సంస్థను 1894లో ఇంగ్లండు ఈశాన్య తీరంలోని సౌత్ షీల్డ్స్ అనే రేవు పట్టణంలో జాన్ బార్బర్ స్థాపించారు. మొదటి కొనుగోలుదారులు నావికులు, జాలరులు, రేవు కూలీలు. నూలు గుడ్డకు మైనం పట్టించి వానకూ గాలికీ తట్టుకునేలా చేసిన ఆ జాకెట్లు తరువాత రైతులకు, ఎస్టేటు కాపలాదారులకు, పక్షుల వేటకు వెళ్ళే జమీందారీ కుటుంబాలకు అలవాటయ్యాయి. 1968లో భర్త చనిపోయాక సంస్థ బాధ్యతల్లోకి వచ్చిన మార్గరెట్ బార్బర్ 1980లో బిడేల్, 1983లో బ్యూఫర్ట్ అనే జాకెట్లను రూపొందించారు. గుర్రం మీద కూర్చున్నప్పుడు అడ్డం పడకుండా బిడేల్‌ను పొట్టిగా ఉంచి వెనుక చీలికలు పెట్టారు. బ్యూఫర్ట్‌కు వీపు దిగువన, ఈ పక్క నుంచి ఆ పక్కకు సాగే ఒక వెడల్పాటి జేబు ఉంటుంది. కొట్టిన పక్షిని అందులో వేసుకుంటారు. రక్తం అంటినా తుడిచేయడానికి వీలుగా దాని లోపలి గుడ్డ నైలాన్. ఈనాడు లండన్ మెట్రో రైల్లో అదే జాకెట్ వేసుకున్న ఉద్యోగి ఆ జేబులో దినపత్రికో ట్యాబ్లెట్టో పెట్టుకుంటాడు. జేబు అక్కడే ఉంది, దానిలోకి వెళ్ళే వస్తువు మారింది. జపాన్ కొనుగోలుదారుల కోసం బిడేల్‌నే ఒంటికి పట్టేలా సన్నం చేసి కుట్టినప్పుడు కూడా మైనం గుడ్డనూ, కార్డురాయ్ కాలర్‌నూ, పెద్ద రింగు జిప్పునూ వదులుకోలేదు.

ఈ మార్పుకు కారణమేమిటని అడిగితే చాలామంది వేట నిషేధమని ఒక్క ముక్కలో చెబుతారు. అది సగమే నిజం. కుక్కలతో నక్కలను తరిమే వేటను ఇంగ్లండు, వేల్స్‌లలో 2004 నాటి చట్టం నిషేధించింది, 2005 ఫిబ్రవరి నుంచి అది అమలులోకి వచ్చింది. స్కాట్లాండు అంతకన్నా ముందే, 2002లో, ఇటువంటి చట్టం చేసుకుంది. అయితే ఫెజెంట్, గ్రౌస్ వంటి పక్షులను తుపాకీతో వేటాడడం అక్కడ నేటికీ చట్టబద్ధమే. అసలు చిక్కు లెక్కలో ఉంది. గ్రౌస్ వేట ఆగస్టు 12న మొదలై డిసెంబరు 10తో ముగుస్తుంది, ఫెజెంట్ వేట అక్టోబరు నుంచి ఫిబ్రవరి మొదటి తేదీ వరకే. అంత కొద్ది కాలం, అంత కొద్దిమంది ఆడే వినోదాన్ని నమ్ముకొని, ఒకసారి కొంటే ఇరవై ఏళ్ళు చిరగని జాకెట్లు అమ్మే సంస్థ పెద్దదయ్యే దారేది? నగరంలో ఉండి పల్లె ఎస్టేటు జీవితాన్ని ఇష్టపడే వర్గం 1980లలోనే ఈ జాకెట్లను లండన్ వీధుల్లోకి తెచ్చింది. కంపెనీలు ఆ తరువాత కొనుగోలుదారుల వెంట నడిచాయి.

అలా నడిచిన తీరులోనే తేడాలున్నాయి. మీ అమ్మాయి చదవవలసిన పాఠం అక్కడుంది.

హంటర్ రబ్బరు బూట్ల సంగతి చూడండి. 1856లో ఎడిన్‌బరో నగరంలో ఒక రబ్బరు కంపెనీగా మొదలై, పొలాల్లోనూ వేటలోనూ తొడిగే ఆకుపచ్చ బూట్లతో పేరు తెచ్చుకున్న సంస్థ అది. 2005లో గ్లాస్టన్‌బరీ సంగీతోత్సవపు బురదలో మోడల్ కేట్ మాస్ ఆ బూట్లు తొడుక్కున్న ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఒక వ్యాపారానికి ఇంతకన్నా గొప్ప ప్రచారం డబ్బిచ్చినా దొరకదు. అయినా మరుసటి ఏడాదే కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. కొత్త యజమానులు వచ్చి, 2008లో స్కాట్లాండు తయారీని ఆపి విదేశాలకు మార్చారు. లండన్ ఫ్యాషన్ వీక్‌లో ప్రదర్శనలు జరిగాయి. బ్యాగులు, వానకోట్లు వచ్చాయి. 2023లో సంస్థ రెండోసారి కుప్పకూలింది, పేరు మీద హక్కులను అమెరికాకు చెందిన ఆథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ కొనుక్కుంది. సరఫరా ఇబ్బందులు, ద్రవ్యోల్బణం, బ్రెగ్జిట్, అమెరికాలో వెచ్చగా గడిచిన శీతాకాలం వంటి కారణాలు చెప్పారు. అవన్నీ నిజమే కావచ్చు. నా దృష్టిలో మాత్రం, బూటును ఎలా చేయాలో తెలిసిన పనితనాన్ని ఇంటినుంచి పంపించివేసిన సంస్థకు కష్టకాలంలో పట్టుకొని నిలబడడానికి పేరు తప్ప ఏమీ మిగలలేదు.

బర్బెరీ కథ ఇంకా పెద్దది. 21 ఏళ్ళ థామస్ బర్బెరీ 1856లో బేసింగ్‌స్టోక్‌లో తెరిచిన దుకాణం అక్కడి గ్రామీణులకు బట్టలమ్మేది. నూలుకే ముందుగా నీరు పట్టని గుణం కలిగించి, ఆ తరువాత బిగువుగా నేసే గ్యాబర్డీన్‌ను ఆయన 1879లో తయారుచేసి, 1888లో పేటెంటు పొందారు. వేటగాళ్ళు, జాలరులు, ధ్రువయాత్రికులు వాడిన గుడ్డ అది. మొదటి ప్రపంచయుద్ధంలో ట్రెంచ్ కోటుగా సైన్యంలోకి వెళ్ళింది. 1997 తరువాత రోజ్ మేరీ బ్రేవో సీఈఓగా ఉన్న కాలంలో అది పూర్తిస్థాయి విలాస ఫ్యాషన్ సంస్థ అయింది. కోటు లోపలి అస్తరుగా ఉన్న గళ్ళ గుడ్డ టోపీలమీదికీ బ్యాగులమీదికీ పాకి, చివరికి ఎక్కడపడితే అక్కడ కనిపించి చులకనైపోవడంతో, ఆ గళ్ళ టోపీల తయారీనే 2004లో ఆపవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళ తరువాత, అమ్మకాలు పడిపోయి లండన్ స్టాక్ మార్కెట్‌లోని అగ్రశ్రేణి 100 కంపెనీల సూచీ నుంచి 2024 సెప్టెంబరులో బయటికి వచ్చిన సమయంలో, కొత్త సీఈఓ జాషువా షుల్మన్ ప్రకటించిన మార్గం ఏమిటో తెలుసా? మళ్ళీ కోట్లు, మఫ్లర్లు. అంటే సంస్థ దేనితో పుట్టిందో దానికే పెద్దపీట. 2025 మేలో 1,700 వరకు ఉద్యోగాలు తగ్గిస్తామని చెప్పినప్పుడు వాటిలో ఎక్కువ భాగం కార్యాలయ ఉద్యోగాలే. ట్రెంచ్ కోట్లు కుట్టే యార్క్‌షైర్‌లోని క్యాజిల్‌ఫర్డ్ ఫ్యాక్టరీలోనూ రాత్రి షిఫ్టు తీసేయాలని ప్రతిపాదించారు కనుక తయారీ వైపు అంతా క్షేమమని నేను అనను. కానీ కోత ఎక్కువగా ఎటు పడిందో మీరే గమనించవచ్చు.

ఎదురు దిశలో నడిచిన ఉదాహరణ కూడా ఉంది. 1835 నాటి తుపాకుల సంస్థ హాలండ్ అండ్ హాలండ్‌ను 1989లో ఫ్యాషన్ దిగ్గజం షనెల్ కొని, ముప్పై ఏళ్ళు నడిపి, 2021లో ఇటలీకి చెందిన తుపాకుల తయారీదారు బెరెట్టాకు అమ్మేసింది. అమెరికాలో 1892లో వేట, శిబిర సామగ్రి దుకాణంగా మొదలైన అబర్‌క్రోంబీ అండ్ ఫిచ్‌లోనైతే 1976 దివాలా తరువాత పాత వ్యాపారంలో పేరు మాత్రమే మిగిలింది. నేటి యువకుల దుస్తుల సంస్థకూ ఆ దుకాణానికీ బోర్డు తప్ప చుట్టరికం లేదు.

బార్బర్ మీద నాకు కొంత పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటాను. అది ఇంకా కుటుంబం చేతిలోనే ఉంది. మైనం జాకెట్ల తయారీ ఇంకా సౌత్ షీల్డ్స్‌లో సాగుతోంది. అక్కడికే ప్రజలు తమ పాత జాకెట్లను మరమ్మతుకూ, తిరిగి మైనం పట్టించడానికీ పంపుతారు. మైనపు జాకెట్‌ను వాషింగ్ మెషీన్‌లో వేయకూడదు. చల్లని నీటితో స్పాంజితో తుడిచి, డబ్బాలోని మైనాన్ని వేడినీటిలో ఉంచి కరిగించి, కుట్ల దగ్గర కాస్త ఎక్కువగా రుద్దాలి. ఈ గుడ్డను కుట్టడమూ అంత సులభం కాదు. ఒక కుట్టు తప్పుగా పడి విప్పితే సూది రంధ్రాలు అలాగే కనిపిస్తాయి, మామూలు నూలు గుడ్డలాగా ఉతికితే పూడిపోవు. ఇటువంటి వస్త్రంతో జాకెట్ ఎలా కుదురుతుందో, ఎక్కడ కారుతుందో, ఎన్నేళ్ళకు ఒరిసిపోతుందో చెప్పగలవారిని అక్కడ గార్మెంట్ టెక్నాలజిస్టులని, ఫ్యాబ్రిక్ టెక్నాలజిస్టులని అంటారు. మీ అమ్మాయి బీటెక్ ల్యాబులో చేసిన నీటి ఒత్తిడి పరీక్షలు, మార్టిండేల్ రాపిడి పరీక్షలు వారి రోజువారీ పనే.

దీనికి తోడు ఇప్పుడు కొత్త గిరాకీ వస్తోంది. వాననీరు జారిపోయేలా చేయడానికి ఎన్నో ఏళ్ళుగా వాడిన పీఫాస్ రసాయనాలున్న దుస్తులపై ఫ్రాన్స్ 2026 జనవరి నుంచి నిషేధం విధించింది. వస్తువు దేనితో, ఎక్కడ తయారైందో డిజిటల్ రూపంలో నమోదు చేయాలన్న నిబంధనలను యూరోపియన్ యూనియన్ దశలవారీగా తెస్తోంది. ప్రచార చిత్రం ఎంత అందంగా తీసినా ఆ రసాయనానికి బదులు ఏది వాడాలో దానివల్ల తెలియదు. తెలిసినవారికే పిలుపు వస్తుంది.

ఇక డబ్బు, వీసా విషయం. బ్రిటన్‌లో చదువు ముగిశాక ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసా ఇంతవరకు 2 ఏళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు అది 18 నెలలే. ఆ తరువాత ఉండాలంటే స్కిల్డ్ వర్కర్ వీసా కావాలి, దానికి 2025 జూలై నుంచి సాధారణ కనీస జీతం ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి 33,400 పౌండ్లు. ఉద్యోగం కూడా సాధారణంగా డిగ్రీ స్థాయిదై ఉండాలి. మార్కెటింగ్ సహాయకులకూ దుకాణం స్థాయి ఉద్యోగాలకూ ఆ జీతం రావడం కష్టం. ఆ ఉద్యోగాలకు స్థానిక విద్యార్థులే బారులు తీరి ఉంటారు, వారికి భాషా, సమాజమూ పుట్టుకతో తెలుసు. సాంకేతిక ఉద్యోగమైతే తప్పక వస్తుందని హామీ ఇవ్వలేను గానీ, మన అమ్మాయికి పోటీలో చెప్పుకోవడానికి ఒక కారణమైనా ఉంటుంది. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి రుణపత్రం మీద సంతకానికి ముందు బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అంకెలను మరోసారి చూసుకోండి. కన్సల్టెన్సీ వారి మాట ఒక్కటే నమ్మవద్దు.

మీ అమ్మగారి అభ్యంతరాన్ని కొట్టిపారేయదగినదిగా నేను భావించడం లేదు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పెరిగిన తరానికి వేట వినోదమన్న ఊహే ఎబ్బెట్టుగా ఉంటుంది. బ్రిటన్‌లో కూడా ఈ విషయం మీద సమాజం రెండుగా చీలి ఉంది. ఈ సంస్థల అమ్మకాల్లో పెద్ద భాగం ఇప్పుడు వేటతో సంబంధం లేనివారికే అయినా, కొన్నింటికి వేట దుస్తుల శ్రేణి ఇంకా ఉంది, తోలు, ఉన్ని, పక్షి ఈకల వాడకమూ ఉంటుంది. దేనిపై పనిచేయగలదో, దేనిపై చేయలేదో మీ అమ్మాయి ముందే తేల్చుకోవాలి. నూలు, మైనం, రబ్బరు విభాగాల్లో పనిచేస్తే ఆ చిక్కు చాలావరకు రాదు. ఇంటర్వ్యూలో అడిగితే నిజాయితీగా చెప్పడమే మంచిది. దీన్ని అమ్మమ్మో నానమ్మో మనవరాలిని కూర్చోబెట్టి మాట్లాడితే మీరు మధ్యవర్తిత్వం చేయడం కన్నా బాగుంటుంది.

నా సూచన ఇది. వచ్చిన సీటును వదులుకోకుండా, ప్రవేశాన్ని ఒక ఏడాది వాయిదా వేయడానికి వీలుంటుందా అని విశ్వవిద్యాలయానికి రాయించండి. ఆ ఏడాది ఇక్కడే ఎగుమతి ఫ్యాక్టరీలో, వీలైతే జాకెట్లూ వానకోట్లూ కుట్టే చోట, ఉద్యోగం చేయమనండి. విశాఖపట్నం దగ్గరి అచ్యుతాపురంలో దుస్తుల ఎగుమతి సంస్థ బ్రాండిక్స్ ఉంది. వరంగల్ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు వచ్చిన దక్షిణ కొరియా సంస్థ యంగ్‌వన్ ప్రపంచ బ్రాండ్లకు ఆరుబయట తిరిగేవారి దుస్తులు తయారుచేయడంలోనే పేరుపొందింది, మీకు దగ్గర కూడా. శాంపిల్ విభాగంలోనో, నాణ్యత తనిఖీలోనో చేరితే, కొనుగోలుదారు పంపిన టెక్ ప్యాక్‌ను (కొలతలు, గుడ్డ, కుట్ల వివరాలుండే పత్రాన్ని) చదివి, వెనక్కి వచ్చిన శాంపిల్‌లో తప్పెక్కడుందో చూడడం వస్తుంది. భారత్, బ్రిటన్‌ల మధ్య 2025 జూలైలో సంతకాలైన వాణిజ్య ఒప్పందంలో మన దుస్తులపై అక్కడి సుంకాల తొలగింపు ఉంది కనుక, ఇక్కడి ఫ్యాక్టరీలనూ అక్కడి బ్రాండ్లనూ రెండింటినీ ఎరిగినవారికి ఇరువైపులా పని దొరికే అవకాశం ఉంది.

ఆ తరువాత కూడా వెళ్ళాలనిపిస్తే, టెక్స్‌టైల్స్ వైపు బలమున్న కోర్సులకు దరఖాస్తు చేయించండి. లీడ్స్, మాంచెస్టర్ విశ్వవిద్యాలయాలకు ఈ విషయంలో పాత పేరుంది. హెరియట్ వాట్ విశ్వవిద్యాలయపు వస్త్ర విభాగం ట్వీడ్ అనే ముతక ఉన్ని గుడ్డ నేసే మిల్లుల నేల అయిన స్కాట్లాండు పట్టణం గాలాషీల్స్‌లోనే ఉంది. తనకు నిజంగా వ్యాపారం వైపే మనసుంటే, నిఫ్ట్ హైదరాబాద్ క్యాంపస్‌లోని ఫ్యాషన్ మేనేజ్‌మెంట్ పీజీ కోర్సు ఖర్చు ఇందులో చిన్న భాగమే. ఇప్పటి సీటుకే, ఈ ఏడాదే వెళ్ళక తప్పదని మీ అమ్మాయి పట్టుబడితే, ఐచ్ఛిక విషయాల్లో సోర్సింగ్ (గుడ్డనూ ఫ్యాక్టరీలనూ ఎంచుకొని తెప్పించుకోవడం), ఉత్పత్తి అభివృద్ధి ఉన్నాయో లేదో చూసి అవే తీసుకోవాలని, పరిశోధన వ్యాసానికి ప్రచార వ్యూహాలను కాకుండా మైనపు గుడ్డ మరమ్మతు సేవలనో, పీఫాస్ లేని పూతలనో ఎంచుకోవాలని చెప్పండి. ముందుగా ఆ కోర్సు మాడ్యూళ్ళ జాబితాను తెప్పించుకొని నాకు పంపితే, ఏవి పనికొస్తాయో గుర్తుపెట్టి తిరిగి పంపుతాను.