కాంతితో దిద్దిన దిశ ఎండకు చెరిగిపోతుందా?

ప్రశ్న: దాళ్వా ధాన్యం ఆరబోసిన కళ్లంలో, ఎండలో ఉంచిన తేమ మీటరు తెర పూర్తిగా నల్లబడి, నీడలోకి తెచ్చిన కాసేపటికి మళ్లీ అంకెలు చూపింది. తెర గాజుల మీద ద్రవ స్ఫటికాలను ఒక దిశలో నిలిపే పాలిమర్ పొర ఉంటుందనీ, దానికి ఇప్పుడు కాంతితోనే దిశ ఇస్తున్నారనీ చదివాను. అలాంటి పొర ఎండకు చెడిపోదా?
– ఒక రైతు, అమలాపురం

జవాబు: మీ మీటరులో దిశ తప్పింది పొర కాదు, ద్రవ స్ఫటికం (ద్రవంలా పారుతూనే అణువులు ఒకే వైపు బారు తీరి ఉండే పదార్థం). వేడి ఒక హద్దు దాటితే (ఈ7 అనే మిశ్రమానికి అది దాదాపు 60 డిగ్రీల సెల్సియస్) ద్రవ స్ఫటికం మామూలు ద్రవంగా మారి కాంతి ధ్రువణాన్ని, అంటే కాంతి తరంగం కంపించే దిశను, తిప్పలేకపోతుంది కనుక, పరస్పరం లంబంగా ఉన్న రెండు ధ్రువకాల (ఒకే దిశలో కంపించే కాంతిని వదిలే పొరల) మధ్య తెర నల్లబడుతుంది. చల్లబడగానే పొర చూపిన దిశకే అణువులు తిరిగి వస్తాయి.

పాలిఇమైడ్ అనే పాలిమర్ పూసిన గాజును మఖమల్ గుడ్డ చుట్టిన రోలరుతో ఒకే వైపు రుద్ది ఆ దిశను ఇవ్వడం పాత పద్ధతి. చవకే గానీ నూగు రాలుతుంది, గీతలు పడతాయి, పుట్టిన స్థిరవిద్యుత్తు సన్నని ట్రాన్సిస్టర్లను దెబ్బతీయవచ్చు.

కాంతి పద్ధతిలో గాజును ఏదీ తాకదు. ధ్రువిత అతినీలలోహిత కాంతి పడినప్పుడు, పొరలోని కాంతిగ్రాహక భాగాలలో ఆ ధ్రువణ దిశకు సమాంతరంగా ఉన్నవి దానిని ఎక్కువగా, లంబంగా ఉన్నవి అతి తక్కువగా గ్రహిస్తాయి. అజోబెంజీన్ (కాంతి పడితే ఆకారం మార్చుకునే అణువు) భాగాలు పదే పదే వంగి, సాగి, చివరకు ధ్రువణానికి లంబంగా కుదురుకుంటాయి. 1992లో షాడ్ట్, చిగ్రినోవ్ ప్రభృతి శాస్త్రవేత్తలు వివరించిన పాలీవినైల్ సిన్నమేట్ అనే పాలిమర్ తీరు వేరు: కాంతిని గ్రహించిన సిన్నమేట్ భాగాలు జంటలుగా రసాయనికంగా కలిసిపోతాయి, ద్రవ స్ఫటికాలు ధ్రువణానికి లంబంగా బారు తీరుతాయి.

శుభ్రత కంటే పెద్ద లాభం మరొకటని నా అభిప్రాయం. గుడ్డతో గాజు మొత్తానికీ ఒకే దిశ. కాంతితోనైతే, కొన్ని చోట్ల కాంతిని ఆపే ముసుగు అడ్డుపెట్టి, ఏటవాలుగా ప్రసరింపజేసి ఒక్కో పిక్సెల్‌లోనే పలు దిశలు ఇవ్వవచ్చు. పక్కనుంచి చూసినా బొమ్మ వెలవెలబోకుండా ఉండేందుకు అది తోడ్పడుతుంది. షార్ప్ సంస్థ 2009లో టీవీ తెరల కోసం ప్రకటించిన పద్ధతి ఈ కోవదే. చిన్న మీటర్లకు ఇంత హంగు అనవసరం.

ఇక ఎండ సంగతి. నేరుగా పడే ఎండకు ధ్రువణం లేదు. అందులోని అతినీలలోహిత భాగాన్ని చాలావరకు ధ్రువకాలు, గాజు ఆపేస్తాయి. సిన్నమేట్ జంటలను విడగొట్టగల, 290 నానోమీటర్ల లోపు తరంగాలు నేల దాకా దాదాపుగా చేరవు. కాంతితో దిశ మళ్లీ మార్చడానికి వీలైన అజోబెంజీన్ రకం పొరలకే జాగ్రత్త అవసరం. అందుకే వాటిని తరచుగా, దిశ ఇచ్చాక, అణువులను ఒకదానితో ఒకటి బంధించి స్థిరపరుస్తారు.