తెరచాప పడవలో వారం రోజులు

ప్రశ్న: జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి, కోడలు ఈ వేసవిలో క్రొయేషియా తీరం వెంబడి తెరచాప పడవలో వారం రోజులు తిరుగుతామంటున్నారు. గాలి ఆగిపోతే నడిసముద్రంలో చిక్కుకుపోరా? – ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మా, అద్దెకిచ్చే ఇటువంటి పడవల్లో సాధారణంగా డీజిల్ ఇంజిన్ కూడా ఉంటుంది కనుక గాలి ఆగిపోతుందన్న దిగులు అక్కరలేదు. అక్కడ వెయ్యికి పైగా దీవులున్నందున, పగలు ప్రయాణించి సాయంత్రానికి ఏదో ఒక రేవు చేరుకుంటారు. వేగం 5 నాట్లు, అంటే గంటకు సుమారు 9 కిలోమీటర్లు. ఆ లెక్కన ప్రొద్దుటూరు నుంచి కడపకు రావాలంటే ఐదారు గంటలు పడుతుంది! అసలు భయపడవలసింది గాలి ఎక్కువైనప్పుడే. వేసవి మధ్యాహ్నాల్లో వాయవ్యం నుంచి వీచే మాయెస్ట్రల్ అనే గాలి తెరచాపకు అనుకూలమే గానీ, ఈశాన్యపు కొండల మీదుగా ఒక్కసారిగా విరుచుకుపడే బోరా అనే గాలి అలాంటిది కాదు. అది వస్తుందన్న హెచ్చరిక వింటే ఆ రోజు రేవు దాటకూడదు. నడిపేవారికి తగిన ధ్రువపత్రం ఉండాలి, లేనిపక్షంలో సరంగును మాట్లాడుకోవాలి. లంగరు వేసేటప్పుడు ఒకరు చుక్కాని దగ్గర, మరొకరు పడవ ముందుభాగాన ఉంటారు. ఇంజిన్ చప్పుడులో మాట వినబడదు కనుక చేతి సైగలను ముందే అనుకొమ్మనండి, లేకుంటే ఆలుమగల తగవు అక్కడే మొదలవుతుంది.