అరవై దాటాక వచ్చే ఏళ్లన్నీ ఒక్కలాంటివి కావు

మీరు కరీంనగర్‌లో హైస్కూల్ టీచరుగా పనిచేస్తూ వచ్చే ఏడాది 61 నిండి రిటైర్ అవుతున్నానని రాశారు. మిగిలిన జీవితం వృథా కాకుండా ఎలా గడపాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. ఇల్లు అమ్మేసి హైదరాబాద్‌లో తన దగ్గరికి వచ్చేయమని మీ అబ్బాయి అంటున్నాడని, దాని గురించి కూడా అడిగారు. మాది రాజమండ్రి. తపాలా శాఖలో సబ్ పోస్ట్‌మాస్టర్‌గా 2019లో రిటైర్ అయ్యాను. మాకు విరమణ 60కే. నా సర్వీసు చాలావరకు కౌంటర్ వెనకే గడిచింది. వడ్డీ కోసం, పెన్షన్ కోసం వచ్చే ఒకే మనిషిని 60లోనూ, 70లోనూ, 80లోనూ చూశాను. అక్కడ చూసిందీ, ఆ తర్వాత మా ఇంట్లో ఆచరించిందీ రాస్తున్నాను.

మా గోదావరి వాళ్లు కాలాన్ని పుష్కరాల్లో లెక్కపెడతారు. 2003 పుష్కరాలు, 2015 పుష్కరాలు, రాబోయేవి 2027లో. స్నానం చేసి మెట్లెక్కుతూ "వచ్చే పుష్కరానికి ఎవరుంటామో" అనుకోవడం ఇక్కడ ప్రతి ఇంట్లో వినే మాట. దాన్ని నిట్టూర్చి వదిలేయకుండా కూర్చుని లెక్క వేసుకోమంటాను. ఆరోగ్యం బాగుంటే 60 దాటిన మనిషికి ఇంకా రెండు పుష్కరాలు ఉంటాయి. మూడోది దేవుడి దయ. ఆ రెండూ కూడా సమానం కావు. మొదటి పన్నెండేళ్లలో కాళ్లు, ఊపిరి సహకరిస్తాయి. రెండో పన్నెండేళ్లలో చూపు, వినికిడి, జ్ఞాపకం నిలబడితే అదే గొప్ప. నేను చూసిన పెద్దవాళ్లలో బాధపడినవాళ్లు ఎక్కువమంది ఈ రెండింటినీ కలిపి ఒకే ముద్దగా "రిటైర్ అయ్యాక" అనుకున్నవాళ్లే. మొదటి పుష్కరంలో చేయాల్సిన పని రెండోదానికి వాయిదా పడిపోయేది.

అందుకని మీరు చేయాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదానికి ఒంట్లో ఏం కావాలో పక్కన రాయండి. అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలంటే 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. అరుణాచలం గిరిప్రదక్షిణ 14 కిలోమీటర్లు. ఇవి మొదటి పుష్కరంలోవి, అందులోనూ మొదటి సగంలోవి. భాగవతం మొత్తం అర్థంతో చదవాలనుకుంటే కళ్లూ ఓపికా ఉంటే చాలు, 75లోనూ మొదలుపెట్టొచ్చు. కరోనా తగ్గాక 2022లో మావారూ నేనూ కేదార్‌నాథ్ వెళ్లాం. ముందు కాశీ చూడకుండా కేదారమేమిటని బంధువులు అన్నారు. కాశీలో తెలుగువాళ్ల ఆశ్రమాలున్నాయి, తొమ్మిది నిద్రలు చేయాలని 80లో వెళ్లేవాళ్లూ ఉన్నారు. కేదారానికి గౌరీకుండ్ నుంచి పైకి 16 కిలోమీటర్లు, పైన మూడున్నర వేల మీటర్లు దాటిన ఎత్తు. డోలీ ఎక్కినా సరే, ఆ చలికీ అక్కడి పలచటి గాలికీ గుండె తట్టుకోవాలి. వెళ్లేముందు ఇద్దరం గుండె పరీక్షలు చేయించుకున్నాం. కాశీ ఇంకా మిగిలే ఉంది, దాని గురించి నాకు బెంగ లేదు.

కోరికకు కాళ్లే కావాలని లేదు, వేళ్లు కూడా కావచ్చు. మా పెద్దక్కకు చిన్నప్పటి నుంచీ వీణ నేర్చుకోవాలని ఉండేది. పెళ్లిళ్లు, పురుళ్లు, ఆ తర్వాత మనవడి ఇంటర్, మనవరాలి ఎంసెట్. ఒక్కోటి అయ్యాక చూద్దామనేది. అన్నీ అయ్యేసరికి చేతివేళ్లకు కీళ్లవాతం వచ్చింది. ఇప్పుడు తీగ నొక్కితే కళ్లనీళ్లు వస్తాయి దానికి. ఇంట్లో ఎవరూ దాన్ని వద్దనలేదు, అడ్డుపడలేదు. అదే నన్ను ఎక్కువ బాధిస్తుంది. మీకు చేతులతో చేసే సరదా ఏదైనా ఉంటే, బొమ్మలు వేయడమో, హార్మోనియమో, రిటైర్మెంట్ దాకా కూడా ఆగకండి. సెలవుల్లోనే మొదలుపెట్టండి.

ఒంటి సంగతి డాక్టర్లు చెబుతారు, నేను కౌంటర్ నుంచి చూసింది మాత్రం చెబుతాను. ప్రతి నెలా తానే నడిచొచ్చే మనిషి ఒక నెల ఉన్నట్టుండి కొడుకు చేత విత్‌డ్రాయల్ ఫారం పంపిస్తే, చాలాసార్లు కారణం బాత్రూంలో పడి తుంటి ఎముక విరగడమే. మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చినవాళ్లు తక్కువ. మేం ఇంట్లో మొదట చేయించిన మరమ్మతు బాత్రూంకే. కమోడ్ పక్కన, షవర్ దగ్గర గోడకు పట్టుకునే కడ్డీలు, జారని టైల్స్, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. దానితోపాటు కండ కరిగిపోకుండా చూసుకోవాలి. ఈ వయసులో నడక మంచిదే, కానీ నడకతోనే సరిపోదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజూ చేయండి. మన కంచంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. దాన్ని తిరగేయాలి. పెసలు, శనగలు, పెరుగు, తినేవాళ్లయితే గుడ్డు.

కంట్లో శుక్లం ముదిరాక ఆపరేషన్ చేయించుకోవచ్చులే అని మా అమ్మ కాలంలో అనేవాళ్లు. ఇప్పటి పద్ధతికి ముదిరేదాకా ఆగనక్కర్లేదు, పైగా ముదిరితే ఆపరేషన్ కష్టమవుతుంది. చెవి మిషన్ పెట్టుకోవడానికి సిగ్గుపడేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వినపడని మనిషి ముందు మాట తగ్గిస్తాడు, తర్వాత పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తాడు, ఆఖరికి ఇంట్లోనే ఒంటరి అవుతాడు. మతిమరుపు జబ్బు ముప్పును పెంచే వాటిలో వినికిడి లోపం కూడా ఉందని వైద్య పరిశోధనలు చెబుతున్నాయి. మీరు టీచరు, జీవితమంతా గొంతు వినిపించిన మనిషి. చెవిని అశ్రద్ధ చేయకండి.

డబ్బు గురించి పోస్టాఫీసు మనిషిగా కాస్త వివరంగా చెప్పాలి. గ్రాట్యుటీ, సెలవుల డబ్బు అన్నీ ఒక్కసారిగా చేతికొస్తాయి. ఆ వార్త తెలిసిన మొదటి ఆరు నెలల్లో మీ ఇంటికి వచ్చేవాళ్లలో ప్లాట్లు అమ్మేవాళ్లు, చిట్టీలవాళ్లు, చేబదులు అడిగే బంధువులు ఎక్కువ. ఆ ఆరు నెలలూ పెద్ద మొత్తం దేనికీ సంతకం పెట్టకండి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఒక మనిషి 30 లక్షల దాకా పెట్టొచ్చు. ఐదేళ్ల కాలం, మూడు నెలలకోసారి వడ్డీ. నేనిది రాసే నాటికి 8.2 శాతం. ప్రభుత్వం రేటును మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది గానీ, మీరు ఖాతా తెరిచిన రోజున్న రేటే ఐదేళ్లూ వస్తుంది. ఇంకా మిగిలితే నెలనెలా వడ్డీ ఇచ్చే మంత్లీ ఇన్‌కం స్కీమ్ ఉంది, ఒక్కరి పేరు మీదైతే 9 లక్షల వరకు. పన్ను కట్టాల్సినంత ఆదాయం లేకపోతే ఏటా ఏప్రిల్‌లో పన్ను కోయొద్దని తెలిపే ఫారం (చాలాకాలం దాన్ని 15హెచ్ అనేవాళ్లం) ఇచ్చేయండి, లేకపోతే వడ్డీలోంచి కోత పడొచ్చు.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. భర్త పోయిన నెలకో రెండు నెలలకో ఒకావిడ వస్తుంది. చేతిలో గుడ్డసంచి, దాని నిండా పాస్‌బుక్కులు, బాండ్లు. "ఇవేంటో చూడమ్మా, ఆయనే చూసుకునేవారు" అంటుంది. కొన్నింటికి నామినీ ఉండదు. కొన్నింటిలో నామినీగా ఎప్పుడో చనిపోయిన అత్తగారి పేరుంటుంది. నలభై ఏళ్లు సంసారం నడిపిన మనిషి తన డబ్బు కోసం తనే సర్టిఫికెట్ల చుట్టూ తిరుగుతుంది. ఇలాంటివాళ్లను చూడని నెల ఉండేది కాదు. మీ ఇంటావిడను ఒకసారి బ్యాంకుకీ పోస్టాఫీసుకీ వెంటబెట్టుకెళ్లి, ఆవిడ చేతే ఫారం నింపించి, ఆవిడ చేతే డబ్బు తీయించండి. వీలైనవి జాయింట్ ఖాతాలు చేయండి, నామినీలన్నీ సరిచూడండి. మీకు వంట రాకపోతే మీరు వంట నేర్చుకోండి. ఇద్దరిలో ఒకరు ముందు వెళ్తారు, రెండోవాళ్లకు చాలా ఏళ్లే మిగలొచ్చు. ఆ ఏళ్లను కూడా లెక్కలో వేసుకుని ఇప్పుడే సిద్ధపడటం ప్రేమలో భాగమే అని నా నమ్మకం.

పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే మనవల పెంపకానికి పిలుస్తారు. వెళ్లాలి, వాళ్లకు అవసరం, మనకు ఆనందం. మా అమ్మాయి కాన్పుకు నేనూ డల్లాస్ వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. ఆ పసిదాన్ని ఒళ్లో పెట్టుకున్న రోజులు నా జీవితంలో మంచి రోజులు. అయితే టికెట్ కొనకముందే అమ్మాయితో, అల్లుడితో మాట్లాడుకున్నాను. ఆరు నెలలు ఉంటాను, శని ఆదివారాలు పిల్లను మీరే చూసుకోవాలి, మళ్లీ వెంటనే రమ్మంటే రాలేను, ఇక్కడ మీ నాన్న ఉన్నారు, నాకు నా పనులున్నాయి అని. ముందే చెప్పడం వల్ల ఎవరికీ మనసు నొచ్చుకోలేదు. చెప్పకుండా వెళ్లి అక్కడ ఉడికిపోతూ, పార్కులో కూర్చుని కోడళ్ల మీద చెప్పుకునే తల్లుల్ని అక్కడే చూశాను. కాళ్లు సహకరించే పుష్కరంలోంచి పిల్లలకు కొంత ఇవ్వడం సరే, మొత్తం ఇచ్చేయకండి.

మరి రోజూ ఏం చేయాలి? మీ చేతికి బాగా అలవాటైన విద్య ఏదో, దాన్నే జీతం లేకుండా కొంత కొనసాగించమంటాను. విశాఖపట్నంలో ఉండే చిలుకూరి శాంతమ్మ గారు ఆంధ్రా యూనివర్సిటీలో ఫిజిక్స్ ప్రొఫెసర్‌గా రిటైర్ అయి, తొంభై దాటాక కూడా చేతికర్రల సాయంతో విజయనగరం వెళ్లి పాఠాలు చెప్పారు. అంత శక్తి అందరికీ ఉండదు, అక్కర్లేదు కూడా. నాకు తెలిసింది ఫారాలు, పాస్‌బుక్కులు. అందుకని నవంబర్ వచ్చిందంటే మా వీధిలో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ కోసం మా ఇంటికే వస్తారు. వేలిముద్రలు అరిగిపోయి మిషన్ మీద పడనివాళ్లు చాలామంది. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ముఖం చూపిస్తే సరిపోతుంది. ఫోను వెలుతురు వైపు తిప్పి, కళ్లజోడు తీయించి, రెప్ప వేయమని చెప్పడం నా పని. మంచం దిగలేనివాళ్లుంటే నేనే వాళ్లింటికి వెళ్తాను. కిందటేడు ఒక పెద్దాయన, రైల్వేలో గార్డుగా చేసినాయన, పని అయ్యాక నన్ను గంటసేపు కూర్చోబెట్టి పాత గోదావరి వంతెన మీద బండిలో డ్యూటీ చేసిన కబుర్లు చెప్పారు. సర్టిఫికెట్ కన్నా ఆ గంటే ఆయనకు ఎక్కువ అవసరమని నాకు అర్థమైంది. ఇప్పుడు నెలకోసారి ఊరికే వెళ్లి కూర్చుంటున్నాను. మిగతా రోజుల్లో సాయంత్రం గౌతమీ గ్రంథాలయానికి వెళ్తాను, అక్కడ పత్రికలు చదివేవాళ్లలో నాకు స్నేహితులయ్యారు. 65 తర్వాత కొత్త స్నేహాలు కుదరవనేది అబద్ధం. మనం రోజూ ఒకే వేళకు ఒకే చోటికి వెళ్లాలి, అంతే. మీరు లెక్కలు చెబుతారో తెలుగు చెబుతారో రాయలేదు. ఏదైనా సరే, మీ వాడలో పదో తరగతి తప్పిన పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వాళ్లతో మొదలుపెట్టొచ్చు.

చివరి రోజుల గురించి కూడా కాగితం రాసిపెట్టాను. కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చాక వెంటిలేటర్ మీద ఉంచొద్దని ముందే రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరించుకుంటే చాలు. వీలునామాకూ ఇద్దరు సాక్షులు కావాలి. ఆస్తి పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్టర్ చేయడం తప్పనిసరి కాదు గానీ నేను చేయించాను, తర్వాత పిల్లల మధ్య అనుమానాలకు తావుండదని.

ఇక మీ ఇంటి సంగతి. ఇప్పుడే అమ్మకండి. రిటైర్ అయిన మొదటి సంవత్సరం తాళం వేసి, లేదా ఒక గది ఉంచుకుని మిగతాది అద్దెకిచ్చి, హైదరాబాద్‌లో రెండు మూడు నెలలు ఉండి చూడండి. ఎండాకాలం ఒకసారి, పిల్లల పరీక్షలప్పుడు ఒకసారి. అపార్ట్‌మెంట్‌లో కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లాక మీ ఇద్దరికీ పగలు ఎలా గడుస్తుందో, మీ ఆవిడకు అక్కడ మాట్లాడేవాళ్లు దొరుకుతారో లేదో తెలుస్తుంది. కుదిరితే అదే అపార్ట్‌మెంట్లో గానీ పక్క వీధిలో గానీ చిన్న ఇల్లు అద్దెకు తీసుకోవడం అన్నిటికన్నా నయం. ఒకవేళ ఇల్లు అబ్బాయి పేరున రాయాలనే అనుకుంటే, మమ్మల్ని చూసుకోవాలనే షరతును గిఫ్ట్ డీడ్‌లోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, అలాంటి షరతు ఉండీ పాటించకపోతే ఆ బదిలీని రద్దు చేయమని ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌ను అడగొచ్చు. మీ అబ్బాయి మంచివాడే అయ్యుంటాడు. కాగితం సరిగ్గా ఉంటే అతనికీ ఇబ్బంది లేదు, కోడలి వైపు నుంచో ఇంకొకరి వైపు నుంచో మాట వచ్చినప్పుడు అతనికే అది అండగా ఉంటుంది. షరతు మాటలు ఎలా ఉండాలో రిజిస్ట్రేషన్‌కు ముందే లాయరుకు చూపించి, ఒక నకలు మీ ఆవిడ దగ్గర ఉంచండి.