మట్టిబొమ్మలు ఏడిపిస్తాయా?

"స్టాప్ మోషన్‌లో (బొమ్మల్ని కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసి కలిపే సినిమాల్లో) పనితనం బాగుంటుంది సరే, మనసుకి పట్టే సినిమా ఒక్కటైనా ఉందా?" అని అడిగారు. నా ఓటు 'మేరీ అండ్ మాక్స్'కే. 2009 నాటి ఆస్ట్రేలియా సినిమా, దర్శకుడు ఆడమ్ ఇలియట్.

1976లో మెల్‌బోర్న్ శివార్లలో ఉండే ఎనిమిదేళ్ల మేరీ, ఫోన్ డైరెక్టరీలో కనిపించిన ఓ పేరుకి ఉత్తరం రాస్తుంది. అది న్యూయార్క్‌లో ఒంటరిగా బతికే 44 ఏళ్ల మాక్స్‌కి అందుతుంది. అక్కణ్ణుంచి ఏళ్ల తరబడి ఉత్తరాలే. ఇలియట్‌కి కూడా న్యూయార్క్‌లో నిజంగానే ఓ కలం స్నేహితుడున్నాడు, కథకి మూలం అతనే.

మొదటిసారి చూసినప్పుడు కాసేపటికే ఆపేద్దామనిపించింది. వ్యాఖ్యాత గుక్క తిప్పుకోకుండా చెబుతూనే ఉంటాడు, ఇప్పటికీ అది కాస్త ఎక్కువే అంటాను. నన్ను కట్టిపడేసింది మాక్స్ మొహం. అందులో దాదాపు ఏ కదలికా ఉండదు. ఆస్పర్జర్స్ (ఆటిజంలో ఒక రకం) ఉన్న మనిషి, ఎదుటివాళ్ల మొహంలో భావాలు అతనికి అర్థం కావు. అంత బండమొహంలో ఒక్కసారి రెప్ప వాలినా మనకి తెలిసిపోతుంది. మేరీ ఊరంతా గోధుమరంగు, మాక్స్ ఊరంతా బూడిదరంగు. ఆ బూడిదలో మేరీ పంపిన ఎర్ర ఊలుబంతి అతని టోపీ మీద ఎక్కడున్నా కంటపడుతుంది.

ఇక నాకు గొంతు పట్టేసిన చోటు చెప్తా. పెద్దయ్యాక మేరీ, మాక్స్‌నే ఉదాహరణగా తీసుకుని అతని స్థితి మీద పుస్తకం రాస్తుంది. మాక్స్‌కి ఒళ్లు మండిపోతుంది. చివరికి అతను పంపేదేంటంటే, టైప్‌రైటర్ నుంచి పీకేసిన 'ఎం' మీట! ఇక ఆమె పేరు కొట్టలేడు, తన పేరూ కొట్టలేడు. ఆ చిట్టి టైప్‌రైటర్ తయారీకే తొమ్మిది వారాలు పట్టిందట. షూటింగ్‌కి 57 వారాలు. అలా చేత్తో చేసిన వస్తువు కాబట్టేనేమో, మీట ఊడొస్తుంటే నిజంగా ఏదో విరిగినట్టే ఉంటుంది. కంప్యూటర్ బొమ్మతో ఆ బరువు వచ్చేదని నేననుకోను.

బొమ్మల సినిమా కదా అని పిల్లల్ని కూర్చోబెట్టకండి. తాగుడు, ఆత్మహత్య ప్రయత్నం అన్నీ ఉంటాయి. నచ్చితే ఇదే దర్శకుడి 2024 సినిమా 'మెమ్వార్ ఆఫ్ ఎ స్నెయిల్' కూడా చూడండి. 'మేరీ అండ్ మాక్స్' ముగింపు గురించి మాత్రం ముందుగా ఎక్కడా చదవొద్దు, నేనూ అందుకే చెప్పలేదు.