షుగర్ బోర్డర్‌లో ఉన్న ఎన్నారై అబ్బాయికి పాలసీ ఇప్పుడా, తిరిగొచ్చాకా?

ప్రశ్న: స్టీల్‌ప్లాంట్‌లో రిటైరై గాజువాకలో ఉంటున్నాను. మా అబ్బాయికి 36 ఏళ్లు, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఈమధ్య హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. నాకూ, వాళ్లమ్మకీ షుగర్ ఉంది. నాలుగేళ్లలో విశాఖ వచ్చేస్తానంటున్నాడు. తను పంపే డబ్బుతో భోగాపురం వైపు ప్లాటుకి బయానా ఇద్దామనుకుంటున్నాం. హెల్త్ పాలసీ వచ్చాక తీసుకుంటే చాలదా?

జవాబు: చాలదండీ. ప్లాటు ఆర్నెల్లు ఆగినా ఫర్వాలేదు, పాలసీ ఆగకూడదు.

హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ప్రీడయాబెటిస్, అంటే షుగర్ బోర్డర్; 6.5, ఆపైన వస్తే డయాబెటిస్. అప్పుడు పాలసీ దొరకడం కష్టమవుతుంది, దొరికినా ప్రీమియం పెరుగుతుంది. పైగా పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకి కంపెనీ 36 నెలల దాకా వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బుకి క్లెయిమ్ ఇవ్వని గడువు, పెట్టొచ్చు. 2024 ఏప్రిల్‌కి ముందు అది 48 నెలలు. ఎన్నారైలూ ఇక్కడి పాలసీ తీసుకోవచ్చు. ఏటా తప్పకుండా రెన్యువల్ చేస్తే ఆ గడువు తను అక్కడుండగానే తీరిపోతుంది. మామూలు పాలసీలు ఇక్కడి వైద్యానికే పనికొస్తాయి కాబట్టి, అక్కడి ఆఫీసు ఇన్సూరెన్స్ మాత్రం వదలొద్దు. వ్యక్తిగత హెల్త్ పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు.

ఆ 6.1 మాత్రం దాచకండి. "బోర్డరే కదా, రాయక్కర్లేదు" అని ఏజెంటు అన్నా వినొద్దు. ప్రీమియం కాస్త ఎక్కువైనా సరే, ప్రపోజల్ ఫారంలో ఉన్నదున్నట్టు రాయించండి. దాస్తే, తీరా ఆసుపత్రిలో చేరాక క్లెయిమ్ ఇవ్వరు. అలా అప్పులపాలైన కుటుంబాలను చూసి చెబుతున్నాను.

పాలసీకన్నా ముఖ్యం అసలు షుగర్ రాకుండా చూసుకోవడం. అమెరికాలో సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) గుర్తింపు ఉన్న డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఏడాదిపాటు నడుస్తుంది. దానికి మూలమైన పరిశోధన ఫలితాలు 2002లో వచ్చాయి. బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లలో కొత్తగా షుగర్ రావడం 58 శాతం తగ్గింది. ఆ ప్రోగ్రామ్ ఫీజు ఆఫీసు ఇన్సూరెన్స్ భరిస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగమనండి. "నేను లావు లేనుగా" అంటాడేమో. అక్కడ అధిక బరువు లెక్క బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు కొలిచే లెక్క) 25 నుంచి. మన ఆసియా వాళ్లని మాత్రం 23 నుంచే షుగర్‌కి పరీక్షించాలని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015 నుంచి చెబుతోంది. మీరు పంపే పార్సిల్‌లో మాడుగుల హల్వా కొన్నాళ్లు ఆపేయండి.

కొన్ని కంపెనీలు మెడికల్ టెస్టులు ఇక్కడే చేయించాలంటాయి. అబ్బాయి సెలవుకి ఎప్పుడొస్తాడో కనుక్కుని, ఆ వారంలోనే పెట్టించండి. ప్లాటు లింకు డాక్యుమెంట్లు ఈలోగా లాయరుకి చూపించండి, బయానా సంగతి ఆ తర్వాత.