పెళ్లి ఆల్బమ్‌లు చేసే అమ్మాయికి మానిటర్ సలహా

చిరంజీవి బుజ్జికి, బాబాయ్ ఆశీస్సులు.

ఆల్బమ్ నల్లగా వచ్చిందని ల్యాబ్‌వాళ్లతో గొడవ పెట్టుకున్నావట, మీ అమ్మ చెప్పింది. ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి కదా అన్నావట. చిక్కంతా అక్కడే ఉంది. బ్రైట్‌నెస్ నిండా పెట్టుకుని కూర్చుంటే చీకటి ఫోటో కూడా వెలుగుగా కనిపిస్తుంది. ఇంకాస్త తగ్గిద్దాం అని నువ్వు తగ్గిస్తూ పోతావు. కాగితానికి సొంత వెలుగు లేదు కాబట్టి అక్కడికొచ్చేసరికి ముఖాలు మసకబారతాయి. మానిటర్ కొందామన్న ఆలోచన మంచిదే గానీ, దాని బ్రైట్‌నెస్ కూడా 100 శాతం మీదే ఉంచితే మళ్లీ ఇదే గొడవ.

ఇక రంగు. నీ ల్యాప్‌టాప్ వివరాల్లో ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని ఉందేమో చూడు, తెర ఎన్ని రంగులు చూపించగలదో చెప్పే ఒక కొలత అది. తక్కువ ధర మోడళ్లలో చాలావాటికి అదే ఉంటుంది. అలాంటి తెర ఎస్‌ఆర్‌జీబీ (ఫోన్లు, వెబ్‌సైట్లు మామూలుగా వాడే రంగుల పరిధి) రంగుల్లో మూడింట రెండు వంతులు కూడా సరిగ్గా చూపించదు. పెళ్లికూతురి ఎర్ర పట్టుచీరనే తీసుకో. మడత లోపల ముదురు ఎరుపు, లైటు పడ్డచోట కాస్త నారింజ ఛాయ, అంచున జరీ. నీ తెర మీద ఆ ఎరుపు వెలిసిపోయినట్టుంటుంది, నువ్వు శాచురేషన్ (రంగు గాఢత) పెంచుతావు. అదే ఫోటో పెళ్లివాళ్లు మంచి ఫోన్‌లో తెరిస్తే మడతలన్నీ కలిసిపోయి, రంగు డబ్బా ఒలకబోసినట్టు కనిపిస్తుంది. పసుపు రాసిన ముఖాల సంగతి ఇక చెప్పక్కర్లేదు.

అందుకని ఐపీఎస్ ప్యానెల్ ఉన్న మానిటర్ తీసుకో. ఐపీఎస్, వీఏ అనేవి తెరల్లో రకాలు. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది గానీ, తల కాస్త పక్కకు జరిపితే చర్మం రంగు మారుతుంది. ఎస్‌ఆర్‌జీబీ దాదాపు 100 శాతం ఉండాలి, డెల్టా ఈ 2 కంటే తక్కువ ఉండాలి. డెల్టా ఈ అంటే ఉండాల్సిన రంగుకీ తెర చూపించే రంగుకీ మధ్య తేడా, ఎంత తక్కువైతే అంత మంచిది. డెల్ అల్ట్రాషార్ప్, ఏసస్ ప్రోఆర్ట్, బెన్‌క్యూలో ఫోటోల కోసం చేసిన మోడళ్లు చూడు. ఫ్యాక్టరీలో కొలిచిన రిపోర్టు డబ్బాలో పెట్టే మోడళ్లు వీటిలో ఉన్నాయి. షాపువాడు 144 హెర్ట్జ్, వంపు తెర అని ఊదరగొడతాడు. అవి వీడియో గేములు ఆడేవాళ్లకి. వంపు తెర మీద గుడి గోపురం నిటారుగా ఉందో లేదో నువ్వెలా చూస్తావు?

ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్ద రంగుల పరిధి అయిన అడోబీ ఆర్‌జీబీ 99 శాతం ఉన్నవి కూడా చూపిస్తారు, ధర బాగా ఎక్కువ. నీ ఫోటోలు వెళ్లేది ల్యాబ్‌కీ ఫోన్లకీ. మన ల్యాబ్‌లు ఎక్కువగా అడిగేది ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్‌లే. కాబట్టి ఇప్పుడు నీకు అది అక్కర్లేదు. ఒకవేళ అలాంటిదే ఆఫర్‌లో దొరికితే మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో చూసుకో. లేకపోతే విండోస్‌లో సగం ప్రోగ్రాముల్లో మనుషులు ఎండదెబ్బ తగిలినట్టు ఎర్రగా కనిపిస్తారు.

సైజు 27 అంగుళాలు, రిజల్యూషన్ 2560x1440 చాలు. అదే సైజులో, అంతకంటే ఎక్కువ పిక్సెళ్లుండే 4కే తెర ఇంకా పదునుగా ఉంటుంది, కాదనను. కానీ పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ 4కేని సెకనుకు 30 ఫ్రేములే పంపుతుంది, మౌస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. యూఎస్‌బీ-సీ ఉంది కదా అనుకోకు, కొన్నిటిలో అది ఛార్జింగ్‌కీ డేటాకీ మాత్రమే. డిస్‌ప్లేపోర్ట్ సపోర్ట్ (ఆ పోర్టు నుంచి మానిటర్‌కి బొమ్మ పంపే వీలు) ఉందని మోడల్ వివరాల్లో చూశాకే ఆ కేబుల్ మీద ఆశ పెట్టుకో. అది ఉండి, మానిటర్ 65 వాట్ల ఛార్జింగ్ కూడా ఇస్తే ఒక్క వైరుతో పని అయిపోతుంది, బల్ల మీద చెత్త తగ్గుతుంది.

షాపులో డెమో వీడియో చూసి మురిసిపోకు. నీ ల్యాప్‌టాప్ తీసుకెళ్లి, నువ్వు తీసిన చీర ఫోటో ఒకటి తెరువు. తర్వాత ఉత్త బూడిద రంగు ఇమేజ్ తెర నిండా పెట్టి మచ్చలున్నాయేమో, ఒక మూల పసుపుగా ఉందేమో చూడు. డెడ్ పిక్సెల్ (వెలగని చుక్క) ఉంటే ఎన్ని రోజుల్లోపు మారుస్తారో అడిగి బిల్లు మీద రాయించుకో.

ఇంటికి తెచ్చాక కిటికీకి ఎదురుగా పెట్టకు. వెలుగునీ రంగునీ వాటంతటవే మార్చేసే డైనమిక్ కాంట్రాస్ట్, నైట్ లైట్ ఆపెయ్యి. మెనూలో వైట్ పాయింట్ (తెలుపు ఛాయ) 6500 కెల్విన్, గామా (మధ్యరకం వెలుగునీడల సెట్టింగ్) 2.2 పెట్టు. వెలుగు 100 నుంచి 120 నిట్స్ (తెర వెలుగుకి కొలమానం, బ్రైట్‌నెస్ శాతం కాదు) మధ్య ఉంటే ప్రింటుకి దగ్గరగా వస్తుంది. కొలిచే పరికరం లేకపోతే ఇలా చెయ్యి: తెర మీద ఖాళీ తెల్ల పేజీ పెట్టి, గదిలో రోజూ వేసుకునే లైటు వేసి, తెల్ల కాగితం తెర పక్కన పట్టుకో. తెర కాగితంలాగా కాకుండా ట్యూబ్‌లైట్‌లాగా కనిపిస్తుంటే బ్రైట్‌నెస్ ఇంకా తగ్గించాలి. మొదటి రెండు రోజులు చీకటిగా ఉందని విసుక్కుంటావు, తర్వాత కళ్లకు అలవాటైపోతుంది.

ల్యాప్‌టాప్ తెరనీ దీన్నీ ఒకేలా చేద్దామని మాత్రం కూర్చోకు, కుదరదు. టూల్స్, ఫోల్డర్లు అక్కడ పెట్టుకుని ఫోటో ఇక్కడ చూడు.

4కేకి పెట్టే డబ్బులో కొంత మిగిల్చి క్యాలిబ్రేటర్ (తెర రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం) కొనుక్కుంటే మేలు. నెలకోసారి వాడాలి, తెరల రంగు నెమ్మదిగా మారుతూ ఉంటుంది. ఇప్పటికైతే నాది తీసుకెళ్లు, ఆదివారం ఇంట్లోనే ఉంటాను. కొనే ముందు మోడల్ నంబరు వాట్సాప్‌లో పెట్టు. క్యాలిబ్రేటర్ మాత్రం మళ్లీ తెచ్చివ్వాలి సుమా, పోయినసారి తీసుకెళ్లిన ట్రైపాడ్ ఇంకా మీ ఇంట్లోనే ఉంది.

మీ బాబాయ్